ఏకాంతంల

షార్జా, సజ్జా క్యాంపు. ఆగస్టు పదహారు.
లాండ్రీ బల్ల మీద పారేసి పోయిండు సూపర్‌వైజర్:
"ఉతికి పెట్టు, వచ్చే ఏటికి పనికొస్తది."
పది దిర్హాముల దుకాణంల కొన్న జెండా.
నిన్న దండం పెట్టుడు అయినంక
ఎవలో దాన్ని టేబుల్ మీద పరిచిండ్రు,
దాని మీద బిర్యానీ గంజు దించిండ్రు.
తెలుపు నడుమ గుండ్రటి నూనె మరక,
చక్రం పక్కకే ఇంకో చక్రం.

నేను కందూరాల మనిషిని.
రోజుకు నూటిరవై తెల్ల కందూరాలు,
కాలరుకు గంజి, చేతులకు మడత,
ఎవల తెలుపుకు ఎంత వేడి తాకాల్నో
నా మణికట్టుకు తెలుసు.
కని ఈ తెలుపు నాకు తెల్వదు.
సబ్బు వెట్టంగనే ఆకుపచ్చ కరిగింది,
పిలవని చుట్టం లెక్క తెల్లల కూసుంది.

గేటు కాడికెల్లి హవల్దార్ పోచయ్యను పిలిచిన.
పద్దెనిమిదేండ్లు పటాలంల చేసి
ఇప్పుడు మా క్యాంపుకు కావలి.
ఆయన జెండాను చూడలే,
ముందుగాల నా చేతులు చూసిండు.
తుడుసుకున్నంకనే నోరిప్పిండు.

"నేలకు తాకొద్దు. నీళ్లల్ల ఈడ్వొద్దు.
బల్లకు గుడ్డ కాదు, నడుముకు గుడ్డ కాదు,
ముక్కు తుడిసే రుమాలు కాదు.
కాషాయం ఎప్పటికీ పైనే.
దాని మీద అక్షరం రాయొద్దు,
నీ పేరు సుత."

"మరి సాయిలు పెట్టె మీద కప్పుదామంటె
ఎందుకొద్దన్నవు?"
క్రేన్ కింద పోయిన సాయిలు.
కార్గోల పోయిన సాయిలు.
పెట్టె మీద బరువు రాసిండ్రు, నూటపదకొండు కిలోలు.
పోచయ్య చానసేపు రోడ్డు దిక్కు చూసిండు.
"రూలు," అన్నడు. "సర్కారు లాంఛనాలు ఉన్నోళ్లకే."
ఇంకేదో అనబోయి,
అప్పుడే వచ్చిన బస్సుకు గేటు తీసిండు.

రాత్రి లెక్కవెట్టిన. చక్రానికి ఇరవై రెండే ఆకులు.
మా ఓవర్‌టైం లెక్కనే, రెండు తక్కువ.

రంగు చెడ్డ జెండాను ఏం చెయ్యాలె?
"కాల్చాలె. మర్యాదగ. ఏకాంతంల."

ఏకాంతం.
పన్నెండు మంచాల రూముల,
ఒకని గురక మీద ఇంకొకడు పండుకునే కాడ.
అగ్గిపుల్ల గీస్తె
పైన పొగ పసిగట్టే డబ్బా మొత్తుకుంటది.
ఎడారికి పోదామంటె,
దూరంకెల్లి చూసేటోనికి ఏం కనబడ్తది?
ఇద్దరు మనుషులు, ఒక జెండా, మంట.
మర్యాదకు, నేరానికి
మంట రంగు ఒక్కటే.

కాషాయం కిందికి, పచ్చ కిందికి,
చక్రం పైకి కనబడేటట్టు మడత.
అరచేతుల మీద పట్టుకోని రూముకు తెచ్చిన.
పాసుపోర్టు కంపెనీ కాడుంది,
దాని జిరాక్సు పక్కన సూట్‌కేసుల పెట్టిన.

అక్టోబర్‌ల నర్సింగం సెలవు మీద పోతుంటె ఇచ్చిన.
రెండు ఎయిర్‌పోర్టులల్ల
దాన్ని ఎవ్వలు ఏమడగలేదట.

బడిల పిల్లలకు బువ్వ వండే మా అక్క దుర్గవ్వ
వీడియో కాల్ చేసింది.
ఆడ ఆరున్నర, ఈడ ఐదు.
పిల్లలు ఇంకా రాలే.
రోజూ అన్నం వండే పొయ్యి కాదు,
పక్కకు మూడు కొత్త రాళ్లు పెట్టింది.
నైలాన్ గుడ్డ. మంటకు ముడుసుకుంటది,
నల్లగ కారుతది, సక్కగ కాలదు.
అక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది,
కని పక్కకు జరగలే.

నేను లేసిన. పైమంచం ఇనుము నెత్తికి తాకింది.
కిందికి దిగి నిలబడ్డ.
చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో పోచయ్య చెప్పిండు.

ఎదురు మంచంల ఇమ్దాద్, పెషావరోడు,
కండ్లు తెరిసిండు.
"కౌన్ గుజర్ గయా భాయ్?"
ఎవ్వలు పోలేదన్న.
అయినా లేసిండు.
ఒక చెప్పు తొడుక్కోని
ఇంకోటి చీకట్ల కాలుతోని దేవులాడుకుంట
నిలబడ్డడు.